మూసాపేట షెడ్డులో కరిగిన ఉక్కు

విమానాల్లో అరిగిపోయిన ఇరుసుల మీద కరిగిన ఉక్కును చల్లి వాటిని మళ్ళీ పాత కొలతకు తీసుకురావచ్చు. అలా చల్లినప్పుడు ఒక్కొక్క లోహపు చుక్క ఎంత వేడితో బయలుదేరుతుందో, గాలిలో ఎంత చల్లారుతుందో, ఇరుసును తాకి ఎలా గడ్డకడుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టి ముందే చెప్పాలన్నది నా డాక్టరేట్ అంశం. 1969లో ఆ లెక్కలన్నీ కంప్యూటర్ చదివే చిల్లుల అట్టల మీద, అంటే పంచ్ కార్డుల మీద ఉండేవి. అవి నిజమో కాదో తేలేది మాత్రం మూసాపేటలోని ఒక రేకుల షెడ్డులో.

అక్కడ ఉక్కు చల్లే పని చేసే మనిషి ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు. నాకంటే పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన పనిముట్టును మేం గన్ను అనేవాళ్ళం. వెనకనుంచి ఉక్కు తీగ అందులోకి పోతుంది. ముందున్న గ్యాసు మంట దాన్ని కరిగిస్తుంది, గాలి ఒత్తిడి ఆ కరిగినదాన్ని తుంపరగా విసురుతుంది. చెవులు పగిలే మోత. అది నడుస్తున్నంతసేపూ మా మాటలన్నీ సైగలే.

నాది కృష్ణా జిల్లా. ఆ ఏడు ప్రత్యేక రాష్ట్రం కోసం నగరమంతా మండుతోంది. ఉన్న ఊళ్ళో తమకు ఉద్యోగాలు దక్కడం లేదన్న కోపం ఊరికే పుట్టింది కాదు, అది నాకూ తెలుసు. కానీ వీధిలో ఆ కోపం యాసను బట్టి మనిషిని పట్టుకునేది. నోరు తెరిచి ‘ఏవండీ’ అంటే చాలు. నేను అద్దెకున్న ఇంటాయన భయపడి గది ఖాళీ చేయమన్నాడు. అన్న నన్ను షెడ్డులోనే ఉండమని, ఇంటినుంచి జొన్నరొట్టె తెచ్చి పెట్టేవాడు.

“జర కొన్ని దినాలు బయటికి ఎల్లకు సారూ. ఎవడన్న వస్తే నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడత,” అన్నాడు.

ఒక మధ్యాహ్నం నాకోసం ఒక గుంపు వచ్చింది. గన్ను మోతలో రేకుల మీద పడుతున్న రాళ్ళ చప్పుడు మాకు వినపడలేదు. తలుపు విరిగి పడ్డాకే తలెత్తాం. ఇనుప కడ్డీతో అందరికంటే ముందున్నవాడు అన్న సొంత తమ్ముడు. అంతకుముందు పోలీసు కాల్పుల్లో అతని దోస్తు చనిపోయాడని అన్నే నాకు చెప్పి ఉన్నాడు.

అన్న గన్ను ఆపి నాకు అడ్డంగా నిలబడ్డాడు.

“పక్కకు జరుగు అన్నా. మాకు గీ ఆంధ్రోడు గావాలె.”

“నా షెడ్డుల ఉన్నోడు నా మనిషి. ఇంటికి పోరా.”

“నా దోస్తు రోడ్డు మీద నెత్తురు కక్కినప్పుడు ఏడ వోయినవే నువ్వు?”

ఆ మాట పూర్తికాకముందే కడ్డీ నా భుజం మీద పడింది. లోపల ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కింద పడగానే ఎవరో నోటి మీద తన్నారు. పళ్ళు, నెత్తురు కలిసి గొంతులోకి పోయాయి. ఇద్దరు నా జుట్టు పట్టి గుమ్మం వైపు ఈడ్చారు. చంపొద్దని అరవబోయాను. ఆ అరుపు కూడా మా జిల్లా యాసలోనే వస్తుందని తట్టి నోరు మూసుకున్నాను.

అప్పుడు మళ్ళీ గన్ను మోత మొదలైంది.

“ఇడ్సిపెట్టుండ్రి! కాలుస్త!” అని అన్న అరుస్తున్నాడు. తెల్లటి తుంపర నేలను తాకి నిప్పురవ్వలై ఎగిరింది. నా జుట్టు వదిలేసి వాళ్ళు బయటికి పరిగెత్తారు. తమ్ముడు కదల్లేదు.

“సొంత తమ్ముణ్ణి కాలుస్తవా? కాల్చు, సూస్త!”

కడ్డీ రెండు చేతులా పైకెత్తి నా తల మీదికి వచ్చాడు. అన్న గన్ను దించలేదు.

మోచేతినుంచి వేళ్ళదాకా అతని కుడి చెయ్యి ఒక్క క్షణం వెలిగిపోయింది. ఆ మోతను మించి అరిచాడు. చొక్కా అంటుకుంది. ఉక్కు చర్మానికి బూడిదరంగు పొలుసులా పట్టేసింది. అతను దాన్ని పీకబోతే దానితోపాటు చర్మం లేచివచ్చింది. షెడ్డంతా మాంసం కాలిన వాసన.

నేను పాక్కుంటూ వెళ్ళి గ్యాసు కట్టేశాను. అన్న గన్ను పారేసి, తొట్టిలోని నీళ్ళు తమ్ముడి మీద గుమ్మరించి, తన తలను గోడకేసి బాదుకున్నాడు. పారిపోయినవాళ్ళలో ఒకడు తిరిగొచ్చి తమ్ముణ్ణి రిక్షాలోకి ఎత్తాడు. అదే రిక్షాలో అన్న నన్నూ ఎక్కించాడు.

దవాఖానలో మంచాలు ఖాళీ లేవు. మా ఇద్దర్నీ పక్కపక్కనే నేలమీద పడుకోబెట్టారు. వాళ్ళమ్మ వచ్చీ రాగానే పెద్దకొడుకును చెంప పగిలేలా కొట్టింది.

“పరాయోని కోసం తోడబుట్టినోణ్ణి కాలుస్తవారా?”

ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆమె నావైపు తిరిగింది.

“నువ్వు బతికినవ్ గద. ఇగ ఏడికన్న పో.”

వెళ్ళిపోయాను. ఎముక అతుక్కున్నాక తిరిగొచ్చాను. కానీ అన్న మళ్ళీ గన్ను ముట్టుకోలేదు. ఇంకొకరితో ప్రయోగాలు పూర్తిచేశాను. నా లెక్కల్లో చుక్క తాకేది ఎప్పుడూ ఇరుసునే. కాగితం మీద దాని చివరి వేడి తేలిన ప్రతిసారీ నాకు ఆ వాసన వచ్చేది. డాక్టరేట్ రావడానికి డెబ్బైల నడిమి దాకా పట్టింది.

ఆ తరువాత ఒకరోజు మూసాపేటలో వాళ్ళింటికి వెళ్ళాను. అన్న అప్పటికి జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో పనికి కుదిరాడు, ఇంట్లో లేడు. తమ్ముడు అరుగు మీద కూర్చుని ఎడమచేత్తో బిడ్డకు అన్నం తినిపిస్తున్నాడు. కుడిచేతి వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

“చదువు అయిపోయిందా?” అని అడిగాడు.

“అయింది.”

“గీడ లోపల ఇంక ఇనుము ఉన్నది. చలికి గుంజుతది. నీ భుజం?”

“పైకి లేవదు.”

బిడ్డ మూతి తుడిచి, “నాకు పగ ఉండె గని, నీ మీద గాదు,” అన్నాడు. ఎవరిమీదో చెప్పలేదు.

సాయంత్రం అన్న వచ్చాడు. మేమిద్దరం ఒకే అరుగు మీద కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. తరువాత కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళి, చాలాసేపు నీళ్ళు పోసుకుంటూనే ఉన్నాడు.