వంటగది అలమారాలో తమ్ముడు

పోచారంలో ఉద్యోగం చేసే తమ్ముడు పోయాక, అతని కాగితాల పని తేలేవరకు నాచారంలో వంటగది ఉన్న హోటల్లో దిగాను. అలాంటి చోట ఉండటం అదే మొదటిసారి. అస్థికల కుండను ఇంట్లో పెట్టకూడదని, బయట చెట్టుకు కట్టాలని తెలుసు. కానీ పరాయి ఊళ్లో ఏ చెట్టుకని కట్టను? హోటల్ వాళ్లకు తెలిస్తే ఖాళీ చేయిస్తారని దాన్ని వంటగది అలమారాలో దాచాను. గది ఊడ్చే యాదమ్మ రోజూ అటే చూసేది. అనుమానం వచ్చి సూట్‌కేసు అడ్డం పెట్టాను.

“ఎత్కపోతననుకున్నవా సారూ?” అంది యాదమ్మ. “గుడ్డ కట్టిన కుండ మొదటి దినమే సూసిన. ఎనక పార్కింగ్‌ల యాపచెట్టుంది, ఆడ కట్టు. మొన్నొక మేడమ్ గూడ ఆడనే కట్టింది.”

కట్టాను. నమ్మకం కుదరక కిటికీ దగ్గరే కూర్చున్నాను. చీకటి పడుతుండగా ఆమె వాచ్‌మన్‌కు ఏదో చెప్పి వెళ్లింది. అతను తన కుర్చీని చెట్టు కిందికి జరుపుకున్నాడు.