మేం ఎక్కని కొండ

ఆరేళ్ళుగా దీన్ని గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆవిడకు చెప్పలేదు. తిరుపతిలో క్యూలో గంటలకొద్దీ నిలబడి, తీరా ఎదురుగా వెళ్ళాక దేవుడికి కూడా సగమే చెప్పాను. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పడం కొంచెం తేలిక. ఆగి ఆగి చెబుతాను, ఓపిక పట్టండి.

నేనేం హత్య చేయలేదు. చూపులేని స్నేహితుణ్ణి సైకిల్ మీద వెనక కూర్చోబెట్టుకుని, ఎక్కని కొండను ఎక్కామని చెప్పాను. అంతే. ఆ 'అంతే' అని రాయడానికి కూడా ఇప్పుడు సిగ్గేస్తోంది.

వాడి పేరు జయపాల్ అనుకోండి. సికింద్రాబాద్‌లో ఇంటర్ కలిసి చదివాం. వాడిది బన్సీలాల్‌పేట్. మా వాళ్ళు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్ళు వచ్చేసరికి వాడి చూపు కొద్దికొద్దిగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. ఒక ఏడాది ఇంట్లోంచి బయటికి రాలేదు. ఆ తర్వాత చూపులేని పిల్లల బళ్ళో లెక్కల మాస్టారుగా చేరాడు. ఇప్పుడు ఆ బళ్ళో వాడి మాటే మాట.

ఆ బడికి బ్రెయిలీ పుస్తకాలు అచ్చువేసే మిషన్ కావాల్సి వచ్చింది. దానికోసం నలుగురు స్నేహితులం మూడు రోజుల సైకిల్ యాత్ర పెట్టుకున్నాం. తెలిసినవాళ్ళంతా తలా కొంత ఇస్తామన్నారు. సుధీర్, రమణి ఎవరి సైకిల్ మీద వాళ్ళు. నేనూ జయపాల్ రెండు సీట్ల సైకిల్ మీద.

ఆ సైకిల్ సంగతి కాస్త చెప్పాలి. హ్యాండిల్, బ్రేకు, గేరు అన్నీ ముందు కూర్చున్నవాడి చేతిలో ఉంటాయి. వెనకవాడికి ఉండేవి పెడళ్ళే. రెండు జతల పెడళ్ళనూ గొలుసు కలిపేస్తుంది కాబట్టి ఒకడు తొక్కితే రెండోవాడి కాళ్ళూ తిరగాల్సిందే, ఒకడు ఆపితే రెండోవాడివీ ఆగాల్సిందే. వెనకవాడికి చూపు లేకపోతే ముందువాడికి ఇంకో పని ఉంటుంది. రోడ్డు చెప్పాలి. గుంత. కుడి మలుపు. గేదెలు. ఏదొస్తే అది, వచ్చేలోపే చెప్పాలి.

నాలుగు నెలలు ఆదివారాలు తెల్లవారుజామునే నేరేడ్‌మెట్ నుంచి బయల్దేరి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ దాటి వెళ్ళేవాళ్ళం. "ముందర లారీ" అని నేను అనేలోపే "కొత్తిమీర లోడు" అని వాడు అనేవాడు. ఎంత నవ్వుకున్నామో ఆ రోడ్డు మీద. కానీ మిట్టల మీద నేను కాళ్ళు వదిలేసేవాణ్ణి. వెనకనుంచి వాడే తోసుకొచ్చేవాడు. మిగతా రోజుల్లో ఇంటి దగ్గర తొక్కుతున్నానని అందరికీ చెప్పేవాణ్ణి. తొక్కలేదు. ఇడ్లీలు తిని కొట్టుకు పోయేవాణ్ణి.

మూడో రోజు దారిలో కొండ వచ్చింది. దాని పేరు రాయను, రాస్తే మా వాళ్ళు ఇట్టే పట్టేస్తారు. కొండ కింద ఊళ్ళో రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి ఘాట్ మీదుగా పైకెక్కి అవతలికి దిగుతుంది. ఇంకోటి కొండ చుట్టూ చిన్న చిన్న మిట్టల మీదుగా తిరిగి అవతలి ఊళ్ళోనే కలుస్తుంది. సుధీర్, రమణి అప్పటికే పైకి వెళ్ళిపోయారు. జయపాల్ వెనక ఈల వేస్తున్నాడు. రెండు రోజులుగా వాడు కాచుకుని ఉన్నది ఈ కొండ కోసమే.

నేను తలెత్తి ఆ రోడ్డు చూశాను. మలుపు మీద మలుపు, నిలువునా పైకి. 'ఒరేయ్, నావల్ల కాదు' అంటే సరిపోయేది. వాడు నవ్వేవాడు, కాసేపు ఏడిపించేవాడు, దిగి నడిచేవాళ్ళం. కానీ చూపున్నవాణ్ణి నేను, ముందు సీటువాణ్ణి నేను, దారంతా గొప్పలు పోయినవాణ్ణి నేను. వెనక కూర్చున్నవాడికంటే నేనే బలహీనుణ్ణని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. "ఘాట్ మొదలైందిరా, గట్టిగా తొక్కు" అన్నాను. హ్యాండిల్ మాత్రం కింది రోడ్డుకు తిప్పాను.

తర్వాత చేసింది చెప్పడానికే ఇంతసేపు తటపటాయిస్తున్నాను. పెడళ్ళు తేలిగ్గా తిరిగితే వాడికి అనుమానం వస్తుంది. అందుకని బరువైన గేరు వేశాను. అదీ చాలదనిపించి రెండు వేళ్ళతో బ్రేకు కొద్దిగా నొక్కిపెట్టాను. వాడు వెనక రొప్పుతున్నాడు. కొండ మీదికి కాదు, నా వేళ్ళ మీద తొక్కుతున్నాడు. "ఎడమ మలుపు", "కుడివైపు లోయ" అంటూ నేను రోడ్డు చెబుతూనే ఉన్నాను. ఎక్కడా లేని రోడ్డు.

చివరికి ఒక మిట్ట మీద ఆపాను.

"అయిపోయిందా?" అన్నాడు.

"వచ్చేశాం."

"గిదేనా? ఇంకా చానా తక్లీఫ్ ఐతదనుకున్న."

"బాగా ప్రాక్టీస్ చేశాం కదరా."

"ఏం కనవడ్తుందో చెప్పు. జెర మంచిగ చెప్పు, పిల్లలకు చెప్పాలె."

ఎదురుగా ఉన్నవి ఒక పత్తి చేను, మూసేసిన పంక్చర్ షాపు. నేను మూడు వరసల కొండలు చెప్పాను. లోయలో సన్నటి ఏరు చెప్పాను. మనకంటే కింద ఒక గద్ద ఎగురుతోందని చెప్పాను. ఆ గద్ద నాకెక్కడ దొరికిందో ఇప్పటికీ తెలియదు. వాడు హెల్మెట్ తీసి, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు, పత్తి చేనుకు ఎదురుగా. వాడి కళ్ళ నిండా నీళ్ళు.

దిగుడు ఇంత చిన్నదేంటని అడుగుతాడేమోనని భయపడ్డాను. అడగలేదు. నన్ను అనుమానించవచ్చన్న ఆలోచనే వాడికి రాలేదు. అవతలి ఊళ్ళో హోటల్లో సుధీర్, రమణి భోంచేస్తూ కనిపించారు. లేటుగా వచ్చామని ఏడిపించారు తప్ప వాళ్ళూ ఏమీ అడగలేదు.

మిషన్ వచ్చింది. పిల్లలు దాంట్లో అచ్చయిన పుస్తకాలే చదువుతున్నారు. ఆ మంచి చూసి నా తప్పు మర్చిపోవచ్చా? చాలాసార్లు ప్రయత్నించాను. కానీ జయపాల్ ఆ కొండను వదల్లేదు. వాళ్ళమ్మ పోయినప్పుడు అదే అన్నాడు, కాలు విరిగి మంచాన పడ్డప్పుడూ అదే అన్నాడు: "కొండ ఎక్కినోణ్ని, గిది సుత ఎక్కుత." అన్న ప్రతిసారీ నేను తలూపేవాణ్ణి. వాడికి కనపడదు. అయినా ఊపేవాణ్ణి, నోటితో ఇంకో అబద్ధం ఆడకుండా తప్పించుకోవడానికి.

వాడి సంతోషం చెడగొట్టకూడదనే ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజమేనా? కాపాడుతున్నది వాడి సంతోషాన్నా, నా పరువునా? వాడికి ధైర్యమిచ్చే ఒకే ఒక్క జ్ఞాపకాన్ని లాక్కోవడం కూడా తప్పే కదా అనుకునేవాణ్ణి. ఎంత బాగా వాదించుకునేవాణ్ణో. వకీలుగా పోవాల్సినవాణ్ణి.

ఈ ఏడాది జయపాల్ పదో తరగతి పిల్లలు నలుగుర్ని రెండు సీట్ల సైకిళ్ళ మీద అదే కొండకు తీసుకుపోతానన్నాడు. బళ్ళో తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి మాట్లాడాడు. నేనూ ఉన్నాను. "ఆరు ఆదివారాలు ట్రైనింగ్ చాలు. నేనే ఎక్కిన. ఏం పరేషాన్ గాకుర్రి" అన్నాడు. ఒక తల్లి లేచి, దిగేటప్పుడు భయం లేదా సార్ అనడిగింది. ఏం లేదమ్మా, దిగినట్టే తెల్వదన్నాడు.

ఆ ఘాట్ దిగుడు ఎలా ఉంటుందో వాడికి తెలియదు. నాకూ తెలియదు. నేను బ్రేకు నొక్కి తయారుచేసిన కొండను కొలతగా పెట్టుకుని, నలుగురు పిల్లల్ని నిజం కొండ మీదికి పంపబోతున్నారు.

పోయిన ఆదివారం మళ్ళీ ఇద్దరం ఆ రెండు సీట్ల సైకిల్ తీశాం, బోయిన్‌పల్లి దాటాక చెప్పాను. బండి మీదే చెప్పాను. ముందు సీట్లో ఉంటే వాడి ముఖం చూడక్కర్లేదు కదా, అదీ నా ధైర్యం. "జయపాల్, మనం ఆ కొండ ఎక్కలేదురా. కింది రోడ్డున తీసుకుపోయాను."

నా కాళ్ళ కింద పెడళ్ళు ఆగిపోయాయి.

పక్కకు తీసి దిగాం. వాడు వెనక సీటు పట్టుకుని నిలబడ్డాడు. "మరి గంత బరువు ఎట్లొచ్చింది?" అన్నాడు. గేరు గురించి చెప్పాను, బ్రేకు గురించి చెప్పాను. పత్తి చేను, పంక్చర్ షాపు కూడా చెప్పాను. ఏదీ దాచలేదు.

"మరి పైన ఏముంటదిరా?"

"తెలీదు. నేనూ చూళ్ళేదు."

ఆటో పిలవమన్నాడు. ఎక్కేటప్పుడు ఎప్పటిలా నా భుజం పట్టుకోలేదు, తడుముకుని కడ్డీ పట్టుకున్నాడు. "పిల్లలకు నేను చెప్త. నువ్వు నోరు తెరవకు" అన్నాడు. ఆటో కదిలింది. వెనక ఎవరూ లేని ఆ పొడుగాటి సైకిల్‌ను ఒక్కణ్ణే నేరేడ్‌మెట్ దాకా తొక్కుకొచ్చాను. దారంతా ఏడ్చాను. ఏడుస్తూనే, ఛాతీ మీంచి ఏదో దిగిపోయినట్టు ఊపిరి హాయిగా ఆడింది. అందుకు కూడా సిగ్గుపడ్డాను.

వాడు ఇంతవరకూ ఫోన్ చేయలేదు. మొన్న మాత్రం అందరికీ కలిపి ఒక మెసేజ్ పెట్టాడు. యాత్ర ఆరు వారాలకు కాదు, ఆరు నెలలకు. ట్రైనింగ్ అంతా మిట్టల మీదే. ముందు సీటు వాళ్ళు ముందుగా ఒంటరిగా ఘాట్లు ఎక్కి, దిగి చూపించాలి. కింద జతల లిస్టు ఉంది. నలుగురు పిల్లలకూ ముందు సీటువాళ్ళ పేర్లున్నాయి. అయిదో వరసలో జయపాల్ పేరు, దాని పక్కన ఖాళీ. ఆ ఖాళీ ఎవరి కోసమో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. పొద్దున్నే లేచి మిట్ట మీద తొక్కడం మాత్రం మొదలుపెట్టాను. రెండు రోజులకే కాళ్ళు పట్టేశాయి. మానను.

కారు తీస్తే ఒక పూటలో ఆ కొండ మీదికి వెళ్ళి చూసి రావచ్చు. వెళ్ళను. ఇంకోసారి వాడికంటే ముందు నేను చూడదలచుకోలేదు. నన్ను క్షమిస్తాడో లేదో, నన్ను మళ్ళీ ముందు కూర్చోనిస్తాడో లేదో తెలియదు. కానీ ఆరేళ్ళలో మొదటిసారి, ఆ కొండ గురించి నాకెంత తెలుసో వాడికీ అంతే తెలుసు.