వాకాడు తీరంలో పదకొండు దాటితే తెగిపోయే వైఫై

మార్చి రెండో శనివారం. ఉదయం ఐదున్నరలోపు పూర్తయిన పనులు: పాలు కాచడం, మోటారు వేసి ట్యాంకు నింపడం, అన్నం, సాంబారు, బట్టలు ఆరవేయడం. మొత్తం ఐదు. మిగిలింది ఇస్త్రీ ఒక్కటే. దాన్ని మావారికి అప్పగించి బయలుదేరాను.

ఈ ప్రయాణం గ్రేస్ కోసం. కొడవలూరులో మా మేడ మీద మూడేళ్ళు అద్దెకున్న అమ్మాయి, పెళ్ళయ్యాక వాకాడు అవతల సముద్రం ఒడ్డున అత్తగారి పాలేనికి వెళ్ళింది. ఇంటి నుంచే పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. రెండు వారాలుగా క్లాసు మధ్యలో ఇంటర్నెట్ పోతోంది. ఈరోజు పన్నెండు గంటల క్లాసు కూడా తెగితే ఆ బ్యాచ్‌ని వేరొకరికి ఇచ్చేస్తామని సంస్థవాళ్ళు చెప్పేశారు. ఆమె సంపాదనలో సగం ఆ బ్యాచ్‌దే. మా ఇంట్లో రౌటర్ మొండికేసినప్పుడు కారణం పట్టుకున్నది నేనే కనుక, "వస్తున్నా, ఏడవకు" అన్నాను. ఎప్పుడెప్పుడు పోతోందో, అప్పుడు ఏ లైటు వెలుగుతోందో రాసి ఉంచమని మొదటిసారి పోయిన రోజే ఫోన్లో చెప్పాను.

ఆరింటికి కొడవలూరులో బస్సెక్కితే ముప్పావు గంటలో నెల్లూరు. అక్కడి నుంచి గూడూరుకు గంట, గూడూరు నుంచి వాకాడుకు మరో గంట. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు సున్నా టికెట్టే. వాకాడులో షేర్ ఆటోకు నలభై రూపాయలు. నా సంచిలోంచి తొంగిచూస్తున్న వైర్లను ఆటో అతను గమనించాడు.

"ఏందమ్మా, కరెంటు పనికా?"

"కాదన్నా, వైఫై వస్తా పోతా ఉందంట. చూడ్డానికి."

"సముద్రం గాలికి మా బళ్ళే తుప్పు పడతా ఉండాయి. వైఫై యాడ నిలబడుద్దమ్మా!"

పది గంటలకు ఇల్లు చేరాను. గ్రేస్ కాగితం చేతికిచ్చింది. పద్నాలుగు రోజుల్లో పదకొండుసార్లు పోయింది. ఒక్కసారి కూడా పదకొండు గంటలకు ముందు కాదు. ప్రతిసారీ ఎర్ర లైటే. కేబుల్ కుర్రాడు రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ ఉదయం తొమ్మిదింటికే. బ్రహ్మాండంగా ఉందని చెప్పి వెళ్ళాడు.

నేను ఒక్కొక్క కారణాన్నే కొట్టేసుకుంటూ వచ్చాను. ముందుగా రౌటర్ అడాప్టర్ తీసి నేను తెచ్చినది పెట్టాను. తర్వాత వైఫై కాకుండా ల్యాప్‌టాప్‌ను నేరుగా వైరుతో రౌటర్‌కు కలిపాను. పదకొండూ పదికి ఎర్ర లైటు వెలిగింది, ల్యాప్‌టాప్‌లోనూ నెట్ పోయింది. అంటే తప్పు అడాప్టర్‌లో లేదు, వైఫైలో లేదు. ఎర్ర లైటు వెలిగితే బయటి నుంచి వచ్చే ఫైబర్ తీగలో సిగ్నల్ అందడం లేదని అర్థం. బయటికి నడిచాను.

రోజూ పదకొండు వేళకు లేచే సముద్రం గాలి అప్పటికే వీస్తోంది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగ ఊగుతోంది. పందిరి గుంజ దగ్గర దాన్ని నీలం నైలాన్ దారంతో నాలుగు చుట్లు చుట్టి బిగించారు. గాలి లాగినప్పుడల్లా ఆ ముడి ఇంకా బిగుస్తోంది, తీగ అక్కడే మడత పడుతోంది.

"ఇది కట్టింది ఎవరు?"

"నేనే," అన్నాడు గ్రేస్ మామగారు, ఏసోబు గారు. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. "రెండు వారాల కింద, గాలికి తెగి పడిపోద్దని కట్టినా. వల ముడి. ఎంత లాగితే అంత బిగుసుద్ది. ఏం, తప్పా?"

"ముడి బాగుంది పెద్దాయనా, తీగే ఓర్చుకోలేదు. లోపల వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది. నెట్టు అందులో వెలుతురుగా వస్తుంది, నొక్కితే ఆగిపోద్ది."

 ఆయన వల పక్కన పెట్టి లేచాడు. "అరవై ఏళ్ళుగా జారకుండా కట్టడమే నేర్చినా. ఇప్పుడు జారేటట్టు కట్టమంటా ఉండావా?"

"ఈ ఒక్కదానికి, మామా!" అంది గ్రేస్ గడియారం చూస్తూ.

పదకొండూ నలభై. ఆయనే దారం కోసి, పాత గుడ్డ చుట్టి, వేలు దూరేంత వదులుగా కట్టాడు. ఎర్ర లైటు ఆరింది.

క్లాసు పన్నెండుకు మొదలైంది. బయట గాలికి రేకులు మోగుతున్నాయి. ఏసోబు గారు గంటసేపూ ఆ గుంజ దగ్గరే నిలబడి తీగను చూస్తూ ఉన్నాడు. ఒంటిగంటకు గ్రేస్ గది తలుపు తీసి, "ఒక్కసారి కూడా పోలేదు మామా!" అంది. ఆయన కూర్చుని మళ్ళీ వల అందుకున్నాడు.

తిరుగు బస్సులో ఆలోచిస్తే, ఇందులో అబద్ధం చెప్పినవాళ్ళెవరూ కనబడలేదు. కుర్రాడు చూసిన వేళ లైను బాగానే ఉంది, గ్రేస్ క్లాసు వేళ బాగాలేదు. రెండు వేళల మధ్య ఉన్న తేడాను చూపించింది ఆ కాగితమే. మీ ఇంట్లోనూ ఇలాగే జరిగితే మనిషిని పిలిచేముందు వారం రోజులు సమయం, లైటు రంగు రాసుకోండి. సరిగ్గా నెట్ పోయే వేళకే రమ్మని అడగండి.

ఇంకొక్కటి. రెండోసారి వచ్చినప్పుడు ఆ కుర్రాణ్ణి గ్రేస్ బాగా తిట్టిందట. నేను గూడూరు దాటేలోపే అతనికి ఫోన్ చేసి తప్పు మాదేనని చెప్పింది. నొక్కుకుపోయిన ముక్క మార్చడానికి సోమవారం పదకొండు దాటాక వస్తానన్నాడట. క్షమాపణ బాకీ తీరిపోయింది.