ఎరుపు చెడగొట్టని లైట్లు

మా మరిది పోయిండు. పోయిన బేస్తవారం, నల్లగొండ దవాఖానల, పొద్దు పొడవకముందే. ఆయన భార్య, అంటే నా యారాలు, ఫోన్ల ఆ మాట చెప్పింది.

చూడవచ్చినోళ్లందరిదీ ఒక్కటే మాట: "రాజీపడని మనిషమ్మా." దండ వేసినోళ్లు అన్నరు, ఛాయ్ తాగినోళ్లు అన్నరు. నేను వింటూ కూర్చున్న. ఆ మనిషి జర రాజీపడితే మోకాళ్లు బాగుండేవి, ఊపిరి బాగుండేది, ఇంకొన్నేండ్లు నాతోని వాదులాడేటోడు. పోయినోళ్ల గురించి మంచే చెప్పాలంటరు. చెప్పుదాం. ఆ మంచికి వాళ్లేం పోగొట్టుకున్నరో కూడ చెప్పకపోతే అది సగం మాటే అయితది.

మాది మగ్గాల ఇల్లు. ముందర అర్రల నేలల తవ్విన గుంట, ఆ గుంటల కాళ్లు పెట్టుకొని కూర్చొని నేసుడు. మా ఆయన చదువుకొని నౌకరి చేసుకుంట ఆ గుంటను తప్పించుకున్నడు. నేను బడిల పిల్లలకు తెలుగు చెప్పుకుంట తప్పించుకున్న. ఆయన తమ్మునికి, అంటే మా మరిదికి, తప్పలేదు. వానకాలం వచ్చిందంటే గుంటల చెమ్మ ఊరేది. సాయంత్రం పైకొచ్చేసరికి ఆయన మోకాళ్లు ఉబ్బి ఉండేవి. "మగ్గం గుంట మనిషిని నడుముదాక మింగుతది వదినా. పైన మిగిలింది షావుకారిది" అనేటోడు. అట్లని పని రానోడు కాదు. నూలుకు ముడులేసి రంగు అద్దుడుల ఆయన చెయ్యి వేరే. ముఖ్యంగ ఎరుపు. ఆయన అద్దిన ఎరుపును చూసి, పక్క వీధోళ్లు తమ ఎరుపును లోపల ఆరేసుకునేటోళ్లు.

ఎనభైలు ముగిసే యాళ్లకు ఆయన మగ్గం ఇడిసిపెట్టిండు. ఒక పాత ట్రాలీ, ఆంప్లిఫయరు, రెండు పెద్ద స్పీకర్ డబ్బాలు, ఓ చిన్న జనరేటర్ కూడబెట్టిండు. పెండ్లి బరాత్ ముందు ట్రాలీ నడుస్తది, పాటలు మోగుతయి, పిల్లగాండ్లు ఎగురుతరు. ట్రాలీ పక్కకు "మొబైల్ డిస్కో" అని రాయించిండు. మా మామ దాన్ని చదివి, "పడుగు పేక ఇడిసి పాటలు ఊరేగిస్తవారా?" అన్నడు.

"పాటలకు గుంట అక్కరలేదు నాయినా," అన్నడు ఈయన.

ఆయనకు ఉన్న కోరిక అదొక్కటే. మళ్ల ఆ గుంటల కాలు పెట్టద్దు.

ఇగ లైట్లు కొనాలె. బేరం నేను బాగ చేస్తనని నన్ను సుత బజారుకు తోలుకపోయిండు. కరెంటు సామాన్ల దుకాణం భాయ్ మా ఇంటికి పాత ఎరుక. రెండు రకాలు వెలిగించి చూపిండు. ఒకటి తిరిగే రంగు లైట్లు, రెండోది హాలోజన్లు.

"రంగులయే తీస్కో భాయ్. పబ్లిక్ గదే అడుగుతాంది. హాలోజన్ అంటే భగ్గున మండుడే, మనిషి పక్కన నిలబడలేడు. నీ చిన్న జనరేటర్ రెండూ మొయ్యదు. ఒక్కటే," అన్నడు దుకాణపాయన.

మా మరిది జేబుల నుంచి ఎర్ర పట్టుపీలిక తీసిండు. తను రంగు అద్దిందే. పచ్చ లైటు కింద పట్టిండు, నల్లగైంది. నీలం కింద పట్టిండు, మాడిన రొట్టె లెక్క అయింది. హాలోజన్ కింద పడితే ఎరుపు ఎరుపుగనే నిలబడ్డది.

"నువ్వు లైట్లు కొంటున్నవా, చీరె కొంటున్నవా?" అన్నడు భాయ్.

"చీరె నేసినోడు నెలలకు నెలలు గుంటల కూసుంటడు. పెండ్లిపిల్ల మీద దాన్ని ఊరు చూసేది బరాత్ నడిచే గంటసేపే. ఆ గంటన్న దాని రంగు దానికుండాలె."

"చీరె చూసేటోళ్లు కిరాయి ఇయ్యరు మరిదీ. ఎగిరేటోళ్లు ఇస్తరు," అన్న నేను.

నవ్విండు. హాలోజన్లు ట్రాలీల పెట్టించిండు. భాయ్ నాదిక్కు చూసి చేతులెత్తిండు.

మొదట్ల బాగనే నడిచింది. మా దిక్కు ఇంకెవరికీ అసొంటి బండి లేదు. యాదగిరిగుట్ట పెండ్లిళ్లకు పోయేటోడు. పోంగనే పెండ్లిపిల్ల తల్లిని అడిగేటోడు, "చీరె ఏం రంగమ్మా?" అని. ఆమె చెప్పినదాన్ని బట్టి లైట్లు తిప్పి కట్టేటోడు. డాన్సు చేసేటోళ్ల దిక్కు ఒక్కటి, పెండ్లిపిల్ల దిక్కు మిగిలినయన్ని. ముసలవ్వలు ట్రాలీని ఆపించి మరీ అంచులు చూసేటోళ్లు. వాళ్లంత ఆయన అభిమానులు. కాకపోతే అవ్వలు బరాత్‌ల ఎగరరు.

తరువాత శ్రావణమాసంల హుజూర్‌నగర్ పక్క ఒక పెండ్లి. నేనూ ఉన్న. చుట్టూ నాటేసిన పొలాలు. హాలోజన్లు వెలిగినయో లేదో, పొలాల్ల ఉన్న పురుగంత పిలిచినట్టు బరాత్‌లకు వచ్చింది. పాట అందుకుందామని నోరు తెరిచినోళ్లు తెరిచినట్టే మూసుకున్నరు. పెండ్లికొడుకు మొఖం పౌడరు చెమటకు చారలు పడ్డది. వాని మేనమామ వచ్చి, "ఇది డిస్కోనా, ఇటుకబట్టీనా?" అని గట్టిగనే అడిగిండు.

ఇంటికొస్తుంటే నేను ఊరుకోలేదు. "నీ లైటుకు చీరె రంగే కాదు, పెండ్లికొడుకు మొటిమలు సుత కనబడుతున్నయి. అందరికీ గంత నిజం అవసరమా?"

"మొటిమలు నేను నెయ్యలే గద వదినా," అన్నడు.

మా యారాలికి భయం పట్టుకున్నది. బరాత్‌లు తగ్గుతున్నయి. ఆమె నాతోని చెప్పకుండ, మొగనితోని అసలే చెప్పకుండ, ఇంట్ల తనే రంగు అద్దిన పల్చటి బట్టలు తీసి ఒక్కో హాలోజన్ మూతికి కట్టి పంపింది. ఎర్రది, పచ్చది, పసుపుది. తెల్ల లైటుకు రంగు బట్ట కడితే రంగు లైటే అయితదని ఆమె లెక్క. మగ్గాల ఇంటి ఆడబిడ్డకు తప్ప ఇంకొకరికి ఆ ఆలోచన రాదు. లైట్లు వెలిగినంక మూడు రంగులూ మస్తుగ పడ్డయి. పాట సగమయ్యేసరికి బట్టలు కమిలి తెల్లటి పొగ లేసింది. పిల్లగాండ్లు అది కొత్త ఏర్పాటనుకొని ఈలలేసుకుంట ఇంకింత ఎగిరిన్రు. ట్రాలీకి అంత పేరు రావుడు అదే మొదలు, అదే ఆఖరు. ఆయన తువ్వాలతోని కొట్టి కొట్టి ఆర్పిండు. తెల్లారి మాడిన పీలికలు చేతుల పట్టుకొని, "ఈ పసుపు బాగ అద్దినవ్" అన్నడట. ఆమె ఇప్పటికీ ఆ మాట చెప్పి ఏడుస్తది.

కొన్నాళ్లకు నార్కట్‌పల్లిల ఇంకొకరు తిరిగే రంగు లైట్లతోని బండి దించిన్రు. పెండ్లిళ్లన్ని అటు మళ్లినయి. భాయ్ తనే ఇంటికొచ్చి, "హాలోజన్లు వాపస్ తీస్కుంట, రంగులయి పట్టుకపో" అన్నడు. ఆయన ఛాయ్ పోసిండు, హైదరాబాద్ సంగతులు అడిగిండు, లైట్ల మాట ఎత్తలేదు. తొంభైలు సగమయ్యేసరికి ట్రాలీ పోయింది, జనరేటర్ పోయింది. ఒక పొద్దున నేను పోయేసరికి యారాలు గుంటల గోనెసంచి మడిచి పరుస్తున్నది, చెమ్మ ఎక్కకుండ. ఆయన గట్టు మీద కూర్చొని ఆమెను చూస్తున్నడు. ఆమె పక్కకు జరిగినంక, లుంగీ ఎగదోపి, ఒక కాలు, మళ్ల ఒక కాలు, లోపల పెట్టిండు.

పాతికేండ్లు అట్లనే నేసిండు.

నాలుగైదేండ్ల కింద మా మనవరాలి పెండ్లికి కొత్త లైట్లు వచ్చినయి. ఎల్‌ఈడీలు. మా మరిది కర్ర పట్టుకొని మెల్లగ పోయి ఆ లైట్లాయన పక్కన నిలబడ్డడు.

"పట్టుకో తాతా, కాలదు."

"కరెంటు ఎంత తాగుతది?"

"ఏం తాగదు. మీ ఇంట్ల మిక్సీ అంత సుత తాగదు."

"జర తెల్లది చెయ్యి బిడ్డా."

తెల్లగ చేసిండు. మరిది పక్కనున్న యారాలి కొంగు అందుకొని లైటు కిందికి గుంజిండు. ఆయన నేసిన ఎర్ర చీరెనే. తిప్పి తిప్పి చూసిండు.

"ఏమాయె? పాసా, ఫేలా?" అన్న.

"ఎరుపు జర నీరసంగున్నది వదినా. రక్తం తక్కువైనట్టు." మళ్ల చూసిండు. ముందర పిల్లలు ఎగురుతున్నరు. "గప్పుడు నేను, గింత తగ్గితే తగ్గనీ అనుకుంటే..." అని ఆగిపోయిండు.

యారాలు కొంగు వెనక్కి తీసుకున్నది. "అనుకోలే గద. ఇప్పుడనుకొని ఏం జేస్తవ్. పా, బువ్వ తిందువు."

ఆయన కదలలేదు. పిల్లలు అరిస్తే లైటు మళ్ల రంగులకు మారింది. అరచెయ్యి దాని మూతి మీద పెట్టిండు. ఆ చెయ్యి మీది నుంచి పచ్చ, నీలం, ఎరుపు ఒకదాని ఎంబడి ఒకటి పోతున్నయి. ఎప్పటికన్న కాలుతదేమోనని చూసేటోని లెక్క, ఆయన అట్లనే పట్టుకొని నిలబడ్డడు.