అడ్రసు లేని ఎల్లయ్య

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. బహ్రెయిన్‌లో వెబ్‌సైట్లు చేసుకుని బతుకుతున్న ఆ రోజుల్లో నన్ను వణికించగలిగింది ఒక్కటే, క్లయింటు ఫోను. ఏది చెప్పినా పదింతలు చేస్తానని నాకు పేరుంది. ఈ ఒక్కటి మాత్రం తగ్గించే చెబుతున్నాను.

జింజ్ అనే పేటలో ఒక ఫ్లాటే మా కంపెనీ. ఎంత చిన్నదంటే, ఒకరు తుమ్మితే నలుగురం కీబోర్డులు తుడుచుకునేవాళ్లం. ఏసీ మోత ముందు సిత్రా రిఫైనరీ దిగదుడుపే. మా టీమ్ లీడర్ కరీంనగర్ నయీం భాయ్. ఆయన భార్యకు నెలలు నిండాయి, ఆయన వీసా ముగియబోతోంది. మనామాలోని ఒక క్లినిక్‌కి అపాయింట్‌మెంట్ల సైటు చేస్తున్నాం. సైటు బాగుందని వాళ్లు సంతకం పెడితేనే వీసా రెన్యువల్ అని మా కఫీల్, అంటే మాకు వీసాలిచ్చిన అరబ్బు యజమాని, తేల్చేశాడు.

సైటు పరీక్షించడానికి ఉత్తుత్తి రోగుల పేర్లు ఎక్కిస్తాం. మిగతావాళ్లు ఏబీసీ అని కొట్టి వదిలేస్తారు. నేను ఊరుకుంటానా? ఎల్లయ్య అనే మనిషిని పుట్టించాను. ఏడడుగుల ఎత్తు, ఎడమ కాలికి ఆరు వేళ్లు, ముప్పై ఏళ్లుగా నిద్ర లేకపోవడం జబ్బు. అడ్రసు రాయకపోతే సైటు ఒప్పుకుంటుందేమో చూద్దామని ఖాళీగా వదిలాను. ఒప్పుకుంది.

సైటు క్లినిక్‌లో పెట్టిన రోజు మధ్యాహ్నం రిసెప్షనిస్టు మేరీ ఫోన్ చేసింది. గుంటూరు వైపు అమ్మాయి.

"అన్నగారూ, సైటు బాగుందండి. మొదటి పేషెంటు మన తెలుగాయనే, ఎల్లయ్యగారని. గుమ్మంలో తల వంచుకుని వచ్చారు. ఎడమ కాలికి ఆరు వేళ్లండి, పాపం. డాక్టరుగారు నిద్రమాత్రలు రాశారు."

నయీం భాయ్‌కి చెబితే దయ్యం సంగతి ఆయనకు పట్టలేదు.

"ఉత్తుత్తి పేరు లైవ్‌ల ఇడిసిపెట్టినవా మూర్తి సాబ్? క్లినిక్ మేనేజర్ చూస్తే సంతకం ఖలాస్. రేపు నా బీవీని కాన్పుకు నువ్వు తోల్కపోతవా? తీసెయ్ ముందు."

తీసేశాను. అడ్రసు లేకుండా ఎవరినీ తీసుకోకుండా ఆయన సైటును సరిచేశాడు.

మర్నాడు సంతకం. మేరీ మళ్లీ ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతోంది.

"ఆయన వచ్చి కూర్చున్నారండి. పేరు లేదంటే లేవడం లేదు. 'పేరు గూడ తీసేస్తే నేనేడికి పోవాలె బిడ్డా' అంటున్నారు. మేనేజరుగారు పార్కింగ్‌లో ఉన్నారండి."

నయీం భాయ్ కీబోర్డు నా వైపు జరిపాడు. ఎల్లయ్యను మళ్లీ ఎక్కించాను. ఈసారి సైటు అడ్రసు లేనిదే కదల్లేదు. ఆ కంగారులో చేతికొచ్చింది మా ఆఫీసు అడ్రసు. అదే కొట్టాను.

మేరీ దాన్ని చదివి వినిపించిందట. ఆయన "మంచిది" అని లేచి వెళ్లిపోయాడట. సంతకం అయింది. నయీం భాయ్‌కి వీసా వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. ఎల్లయ్య మళ్లీ క్లినిక్‌కి రాలేదు. ఆ పేరు తీసేసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

ఇదేమిటో నాకిప్పటికీ తెలియదు. మేరీ ఆటపట్టించిందని నమ్మడానికి చాలా కష్టపడ్డాను. కానీ మా బిల్డింగు వాచ్‌మన్, నిజామాబాద్ రాజన్న, మేరీని ఎన్నడూ చూడలేదు. ఎల్లయ్య మాట అతని ముందు మేమెవరం ఎత్తలేదు. ఒక సాయంత్రం ఆఫీసుకు తాళం వేసి దిగుతుంటే అతనే అడిగాడు.

"మీరందరు పోతరు గని సార్, ఆ పొడుగు పెద్దాయన ఎప్పుడు పండుకుంటడు? రాత్రంత కిటికీ కాడనే నిలవడి ఉంటడు."