అంకె పెరిగితే కన్ను చిన్నది

మా మేనత్త పోయిందని మొన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. ప్రార్థన, ఖననం అయిపోయి అందరూ వెళ్లిపోయారు. నాకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు. ఇది ఆమె నుంచి వచ్చిన గుణమే కావచ్చు.

తొంభైలలో ఆమె శంషాబాద్‌లో బడి టీచర్. తోటి టీచర్ దగ్గర పాత కెమెరా ఒకటి తీసుకుంది. మీట నొక్కితే చాలనుకుంది. తీరా చూస్తే దాని మీద అన్నీ అంకెలే. నేర్పేవాళ్లు లేరు, ఆగే తీరిక లేదు. మా ఊరు మంఖాల్‌లో నాయనమ్మకు గుండెజబ్బు ముదిరింది. ఆమెకు అప్పటిదాకా ఒక్క ఫొటో కూడా లేదు.

మొదటి రీలంతా నాయనమ్మనే తీసింది. స్టూడియో ఆయన కడిగి చూసి, "రీలు తిరగనే లేదు మేడం, అంతా ఖాళీ" అన్నాడు. రెండో రీలులో ముఖాలన్నీ చెదిరిపోయాయి.

"నువ్వు జర నిలబడవు, బొమ్మెట్ల నిలబడుతదే?" అని నాయనమ్మ నవ్వింది. అత్త నవ్వలేదు. ఆ ఫొటోలు నేను పారేయబోతే లాక్కుంది. "ఖరాబైన బొమ్మనే నాకు పంతులు" అంది.

మూడో రీలుకు నన్ను గోడకు ఆనించి నిలబెట్టింది. ఒక్కో ఫొటోకు అంకెలు మార్చి, ఎండ ఎలా ఉందో నోటుబుక్కులో రాసుకుంది. అన్నం ముందు కూర్చుని కూడా లెన్సు తిప్పేది. ఒక మధ్యాహ్నం ఖాళీ కెమెరా వెనక మూత తెరిచి, లెన్సు లోపలి రంధ్రాన్ని చూస్తూ అరిచింది: "ఓ పిల్లా, సమజైంది! అంకె పెరిగితే కన్ను చిన్నదైతది!"

నాకు ఏదైనా చేతకానప్పుడు ఇప్పటికీ ఆ నోటుబుక్కే గుర్తొస్తుంది.

అప్పటికి నాయనమ్మ మంచం దిగడం లేదు. గదిలో వెలుగు తక్కువ. అత్త మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించింది. లెన్సు కన్ను పూర్తిగా తెరిచి, మోచేతులు తలుపుకు ఆనించి, "అమ్మా, ఇటు చూడు. ఇగ కదలకు" అంది. ఊపిరి బిగబట్టి నొక్కింది.

ఫొటో వచ్చిన రోజు, తుక్కుగూడలో రెండో బస్సు కోసం ఆగలేక నడిచే వచ్చేసింది. నాయనమ్మ ఫొటోను చాలాసేపు చూసింది.

"గిది మా అమ్మనే గద! నీకెక్కడ దొరికిందే?"

"నువ్వే అమ్మా."

నాయనమ్మ ఫొటోలోని చెంపను బొటనవేలితో మెల్లగా నిమిరింది. వారం తిరక్కుండానే పోయింది.

ఆ ఫొటో ఇప్పుడు నా ముందుంది. మెరిసే కాగితం మీద, సరిగ్గా చెంప దగ్గర, వేలిముద్ర గీతలు కనిపిస్తున్నాయి. అత్త ఇన్నేళ్లూ వాటిని తుడవలేదు.