నాలుగు లీటర్లు, ఐదు వేల కోళ్లు

రాయపోల్ శివారులో రోడ్డు పక్కన సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక చెలక ముక్కలో నవనీత కోళ్ల షెడ్డు ఉంది. షెడ్డు తూర్పు పడమరలుగా పొడవుంటే ఎండ పక్కల నుంచి లోపలికి రాదని తెలిసినవాళ్లు చెబుతారు. నవనీత వాళ్ల జాగ అందుకు కుదరలేదు. ఉన్న జాగను బట్టి ఉత్తర దక్షిణాలుగా కట్టుకున్నారు. కట్టిన ఏడు అదేమంత పెద్ద తప్పుగా కనబడలేదు. ఇప్పుడు మాత్రం మార్చి వస్తే చాలు, మధ్యాహ్నం రెండు దాటగానే పడమటి ఎండ పక్కల బిగించిన ఇనుప వల జాలీలోంచి నేరుగా కోళ్ల మీద పడుతుంది.

నవనీతకు ముప్పై ఎనిమిదేళ్లు. భర్త గజేందర్ కూరగాయల వ్యాను నడుపుతాడు. తెల్లవారకముందే పోయి సాయంత్రానికి వస్తాడు. ఇంట్లో ఆయన తల్లి చంద్రవ్వ కూడా ఉంటుంది. వరుసగా రెండేళ్లు బోరు సరిగ్గా పోయక వరి ఎండిపోయాక వాళ్లు కోళ్లకు దిగారు. వరికి చాలని నీళ్లు కోళ్లు తాగడానికి చాలాయి. కోడిపిల్లలు, దాణా, మందులు కోళ్ల కంపెనీవి. షెడ్డు, నీళ్లు, కరెంటు, కష్టం రైతువి. నలభై రోజులు సాకి అప్పగిస్తే కిలోకు ఇంతని కూలి ఇస్తారు. డీజిల్ ధర పెరిగినా, ఎండ పెరిగినా ఆ కూలి పెరగదు.

మొదటి ఎండాకాలం పూర్తి కాకముందే నవనీత గజ్వేల్ పోయి ఒక థర్మామీటర్ కొనుక్కొచ్చి షెడ్డు నడిమి స్తంభానికి కట్టింది. దాని ముందు నిలబడి చూడటం ఆమెకు అలవాటైంది. నలభై దాటితే ఆమె మాట తగ్గిపోయేది. నలభై రెండు దాటితే అన్నం ముట్టేది కాదు. "నువ్వు గట్ల చూస్తుంటె అది తగ్గుతదా?" అని చంద్రవ్వ కసురుకునేది. తగ్గదని నవనీతకు తెలుసు. అయినా చూడకుండా ఉండలేకపోయేది.

కరెంటు పోతే నడిపించుకోవడానికి సెకండ్ హ్యాండ్ జనరేటర్ ఒకటి ఉంది. గంటకు లీటరున్నర డీజిల్ తాగుతుంది. దాని మీద నమ్మకం చాలక ఒక ఏడు సోలార్ గురించి కూడా వాకబు చేసింది. గజ్వేల్ నుంచి ఒకాయన వచ్చి, రేకుల మీద పలకలు ఎక్కడెక్కడ వేయాలో కొలిచి, కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందో చెప్పాడు. అంతా విని నవనీత ఒకటే అడిగింది.

"కరెంటు పోయినప్పుడు గీ పలకలతోటి నా ఫ్యాన్లు తిరుగుతయా?"

ఆయన టేపు చుట్టుకుంటూ, "బ్యాటరీలు పెట్టుకుంటెనే తిరుగుతయమ్మా. లేకుంటె కరెంటుతోటే అవి కూడ బందయితయి," అన్నాడు. బ్యాటరీల ఖర్చు విన్నాక ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. కానీ ఆయన పోయాక కూడా ఆమె చాలా రోజులు దాని గురించే ఆలోచించింది. వచ్చే ఏడు ఎండ తగ్గుతుందని చెప్పేవాళ్లు ఎవరూ కనబడలేదు.

ఇది జరిగింది ఆ మరుసటి మే నెలలో. ఆ నెలలో డీజిల్ ధర రెండుసార్లు పెరిగింది. బంకుల దగ్గర బారులు తీరాయి. షెడ్డులో ఐదు వేల కోళ్లు నలభై రెండో రోజుకు వచ్చాయి. ఒక్కొక్కటి రెండు కిలోల పైన ఉంది. అంత బరువైన కోడి వేడికి తట్టుకోలేదు. నిజానికి అవి రెండు రోజుల ముందే పోవలసినవి. కంపెనీ సూపర్వైజర్ శ్రావణ్ ఫోన్ చేసి, "బండ్లు దొరుకుతలేవక్కా. డీజిల్ తోటి పరేషానున్నది. ఇంకో మూడు రోజులు ఆగున్రి," అన్నాడు.

మరునాడు పన్నెండు నలభైకి కరెంటు పోయింది. ఫ్యాన్లు ఒక్కొక్కటే నెమ్మదించి ఆగాయి. కోళ్ల మీద నీళ్లను మంచులా చిమ్మే ఫాగర్ గొట్టాలు రెండు చుక్కలు రాల్చి ఊరుకున్నాయి. నవనీత లైన్‌మన్‌కు ఫోన్ చేసింది. లోడు ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని, వేరేది తెచ్చి బిగించేసరికి ఐదున్నర అవుతుందని చెప్పాడు.

జనరేటర్ దగ్గరికి పోయి క్యాను ఎత్తి చూసింది. చాలా తేలిగ్గా ఉంది. పోయిన వారం పద్నాలుగు లీటర్లు పెట్టించింది తానే. గజేందర్‌కు ఫోన్ చేసింది.

"క్యాన్ల డీజిల్ ఏది?"

"నిన్న పొద్దుగాల పది లీటర్లు వ్యాన్ల పోసుకున్న. బంకు కాడ పెద్ద లైనుండె. ఆగితె మార్కెట్ టైం దాటిపోతది. మల్ల తెచ్చి పోద్దామనుకున్న."

"నాకు చెప్పకపోతివి."

"చెప్తె నువ్వు ముట్టనియ్యవు గద."

"కరెంటు పోయింది. ఐదున్నరదాక రాదంట," అని చెప్పి ఫోన్ పెట్టేసింది. పోట్లాడే తీరిక లేదు. మిగిలింది నాలుగు లీటర్లు. రెండు గంటల నలభై నిమిషాలు నడుస్తుంది. ఇప్పుడే పెడితే మూడున్నరకు ఆగిపోతుంది. పడమటి ఎండ లోపలికి దిగేది రెండు తర్వాత. అసలు గండం రెండు నుంచి ఐదు దాకా. ఆమె క్యాను కింద పెట్టింది.

చంద్రవ్వ ఇంటి నుంచి గబగబా వచ్చింది. "కరెంటు పోయి పావుగంటాయె. మిషన్ ఎందుకు పెడ్తలేవే?"

"ఇప్పుడు పెడితె మూడున్నరకే అయిపోతది అత్తమ్మా. అటెన్క ఏం జేస్తం?"

"గప్పటిదాక ఇవి బతకాలె గద."

నవనీత బకెట్ అందుకుంది. ఇద్దరూ ట్యాంకు నుంచి బకెట్లు మోసుకొచ్చి కోళ్ల మీద నీళ్లు చల్లారు. గోనె సంచులు తడిపి పడమటి జాలీకి కట్టారు. కోళ్లు ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చస్తాయని షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ వాటిని కదిలించారు. అవి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. రెక్కలు విప్పి ఊక మీద పరుచుకున్నాయి. ఒకటిన్నరకు మొదటి కోడి వెల్లకిలా పడింది. రెండింటిలోపు అరవై పడ్డాయి. చంద్రవ్వ వాటిని కాళ్లు పట్టి ఎత్తి బయట వేస్తూ కోడలి వైపు చూసింది. ఆ చూపును నవనీత ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ గంట మిషన్ పెట్టకపోవడం సరైనదో కాదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

రెండింటికి జనరేటర్ పెట్టింది. ఫ్యాన్లు తిరిగాయి. థర్మామీటర్ నలభై నాలుగు చూపించింది. అప్పుడు ఆమె పక్క చెలక బాలరాజుకు ఫోన్ చేసింది.

బాలరాజు ట్రాక్టర్ మీదే వచ్చాడు. విషయమంతా విని తల గోక్కున్నాడు. "ట్యాంక్ల ఏడు లీటర్లున్నదేమొ చెల్లె. నా వడ్లు కొనుగోలు సెంటర్ల పోసి పదకొండు రోజులాయె, ఇంక కాంట పెట్టి తూయలేదు. సాయంత్రం వాన పడ్తదని ఫోన్ల చూపెడ్తుంది. వానొస్తె వాటిని ఆడి షెడ్డు కిందికి జరపాలె. ట్రాక్టర్ లేకుంటె ఎట్ల?"

"నాకు మూడు లీటర్లు చాలన్నా. రేపు తెచ్చిస్త. వానొస్తె మేమందరం వచ్చి వడ్లు కప్పుతం."

ఆయన ఆకాశం వైపు చూశాడు. మబ్బు తునక లేదు. సీటు కింద నుంచి సన్నటి పైపు తీసి, ట్యాంకులోకి దించి, నోటితో పీల్చి క్యానులోకి వదిలాడు.

ఆ మూడు లీటర్లు ఐదున్నర దాటేదాకా చాలవచ్చు. అంతలో రెండో కష్టం వచ్చింది. ఫ్యాన్లు తిరుగుతున్నా పడమటి వైపు కోళ్లు పడుతూనే ఉన్నాయి. వేడి గాలినే ఫ్యాన్లు మళ్లీ మళ్లీ కొడుతున్నాయి. షెడ్డు నీడ తూర్పు వైపు ఆరడుగుల మేర పరుచుకుని ఉంది. నవనీత దాని వైపు చూసింది. జాలీ కోసి కోళ్లను ఆ నీడలోకి తోలితే లోపల వాటికి కొంత ఎడం దొరుకుతుంది. శ్రావణ్‌కు ఫోన్ చేసి చెప్పింది.

"బయటికి ఇడువొద్దక్కా. రూల్స్ ఒప్పుకోవు. రేపు రోగం వస్తె మీ మీదికే వస్తది."

"మీరు మొన్ననే కొండవోతె గీ బాధ లేకుండె సార్."

"అది నా చేతుల లేదక్కా."

"గిది నా చేతుల ఉన్నది," అని ఆమె ఫోన్ పెట్టేసింది. కటింగ్ ప్లేయర్ తెచ్చి తూర్పు జాలీని నాలుగు చోట్ల కోసింది. కోసిన చోట్ల బాలరాజు దాన్ని వంచి పట్టాడు. బరువెక్కిన కోళ్లు నడవవు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కదాన్ని నెట్టాల్సి వచ్చింది. చంద్రవ్వ తన పాత చీరలు తెచ్చి తడిపి, వాటి మీద పందిరిలా పట్టింది. వెయ్యికి పైగా బయటికి వచ్చాయి. లోపల ఖాళీ ఏర్పడ్డాక మిగిలినవి కొంచెం సర్దుకున్నాయి.

కరెంటు ఐదు నలభైకి వచ్చింది. అప్పటికి చచ్చినవి ఏడు వందల ముప్పై. బయటికి తోలిన వాటిలో పోయినవి పన్నెండే. గజేందర్ వచ్చేసరికి నవనీత షెడ్డు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మధ్యాహ్నం నుంచి బంకు దగ్గర లైన్లో నిలబడి తెచ్చిన డీజిల్ క్యాను వ్యానులోంచి దించి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

"తప్పయిపోయింది నవనీతా."

"చచ్చినయి పూడ్వాలంటె గుంత తీయాలె. సున్నం తీస్కరా," అంది. ఆ తర్వాత కూడా ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవడమే గజేందర్‌ను ఎక్కువ బాధ పెట్టింది.

చీకటి పడ్డాక గాలి లేచింది. ఫోన్లో చూపించినట్టే మబ్బు కమ్మింది. గుంత పూడ్చిన చేతులతోనే భార్యాభర్తలిద్దరూ కొనుగోలు కేంద్రానికి పోయి, బాలరాజుతో కలిసి వడ్ల కుప్ప మీద టార్పాలిన్లు పట్టుకుని నిలబడ్డారు. పావుగంట వాన పడింది. కుప్ప అంచు ఒకటి తడిసింది, మిగిలింది దక్కింది. ఆ చల్లటి వాన మధ్యాహ్నం వచ్చి ఉంటే అని నవనీత అనుకుంది. పక్కనే బాలరాజు, అసలు ఈ నెలలో ఈ వానే రాకుంటే అనుకుంటూ ఉండి ఉంటాడు.

రెండు రోజులకు బండ్లు వచ్చి మిగిలిన కోళ్లను తీసుకుపోయాయి. చచ్చినవాటికి కంపెనీ కూలిలో కోత పెట్టింది. నవనీత సంతకం చేసింది. కానీ ఆ తర్వాత ఆమె తీరు మారింది. ఇంట్లో ఫ్యాను ఆగితే చేతిలో పని వదిలేసి లేచి నిలబడేది. చల్లటి రోజుల్లో కూడా వాకిట్లోకి పోయి కరెంటు స్తంభం వైపు చూసేది.

ఒక రోజు బస్సెక్కి గజ్వేల్ దగ్గరి ములుగు పోయి, ఫారెస్ట్ కాలేజీలో అడిగి, పడమటి ఎండకు అడ్డంగా ఏ చెట్లు పెట్టాలో తెలుసుకుంది. గాలి ఆగకూడదు కాబట్టి కింద కొమ్మలు కొట్టేస్తూ ఎత్తుగా పెంచాలని అక్కడొక మేడమ్ చెప్పింది. నీడ పడటానికి నాలుగేళ్లు కావాలంది. తిరిగి వచ్చాక నవనీత భర్తను, అత్తను కూర్చోబెట్టి చెప్పింది.

"చెట్లు ఎదిగేదాక మార్చి నుంచి జూన్ దాక కోళ్లు దించుకోం. తక్కిన నెలలల్ల కూడ ఐదు వేలు కాదు, నాలుగు వేలే. సోలార్ పలకలు, బ్యాటరీలు షెడ్డుకంతా వద్దు, ఫ్యాన్లకు చాలినయి వచ్చే ఏడు పెట్టిద్దాం."

గజేందర్ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. "ఎండాకాలం వద్దంటె కంపెనోళ్లు వానాకాలం కూడ ఇయ్యకపోతె?"

"నాకూ గదే బుగులున్నది."

"మరి?"

"ఇంకోసారి గట్ల నడ్వలేను నేను, ఆ షెడ్ల."

చంద్రవ్వ, "మొక్కలకు నీళ్లు నేను పోస్త," అంది.

మరుసటి మార్చిలో షెడ్డు ఖాళీగా ఉంది. నవనీత మూడు నెలలు ఒక నర్సరీలో కూలికి పోయింది. సాయంత్రం వస్తుంటే వేరే వాళ్ల షెడ్ల నుంచి జనరేటర్ల చప్పుడు వినిపించేది. వాళ్ల షెడ్లు నిండుగా ఉన్నాయి. ఆ ఏడు పెద్దగా ఎవరికీ నష్టం రాలేదు. భయపడి చేతికొచ్చే కూలి పోగొట్టుకున్నానేమోనని ఆమె చాలాసార్లు అనుకుంది.

జూన్ సగం దాటినా వాన జాడ లేదు, కంపెనీ నుంచి ఫోనూ లేదు. ఇరవై మూడో తారీఖున శ్రావణ్ ఫోన్ చేశాడు.

"అక్కా, జూలై పదికి పిల్లలు పంపుతం. నాలుగు వేలే అన్నరు గద, మా సార్ ఒప్పుకున్నడు. మీ లెక్కనే ఇంక ముగ్గురు ఎండాకాలం వద్దంటున్నరు."

నవనీత సరేనని, పిల్లలు వచ్చే టైము అడిగి తెలుసుకుంది. తర్వాత చంద్రవ్వ దగ్గరికి పోయింది. ముసలామె షెడ్డుకు పడమట మోకాలి ఎత్తు మొక్కల వరసలో కూర్చుని, ఎండిపోయిన ఒకదాన్ని పీకి, అదే గుంతలో ఇంకొకటి పెడుతోంది.

"పిల్లలు ఇస్తమన్నరత్తమ్మా."

"వానలైతె పడనీ ముందు," అంది చంద్రవ్వ, బిందె కోసం చెయ్యి చాపుతూ.

నవనీత బిందె అందించి, ఆమె పక్కనే కూర్చుని మట్టి సర్దింది.